గొడవకి ఎఫ్ఐఆర్ ఉంది, రాజీకి కాగితం లేదు: రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యా మండళ్ల ఛైర్మన్లకు, సభ్యులకు నమస్కారం.

నేను గుంటూరు వైపు ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్తాను. అడగాల్సింది ముందే అడిగేస్తాను. మన ఊళ్లలో గొడవలు ఎలా మొదలవుతున్నాయి, ఎలా చల్లారుతున్నాయి అన్నదాని మీద పరిశోధన చేసే డిగ్రీ పిల్లలకు డబ్బు ఇవ్వండి. పీహెచ్‌డీ వాళ్లకు కాదు, మాలాంటి లెక్చరర్లకూ కాదు, బీఏ, బీకాం, బీఎస్సీ చదివే పిల్లలకు. ఒక్కో ప్రాజెక్టుకి 20,000 రూపాయలు చాలు. ఎందుకు ఇవ్వాలో, ఆ 20,000 అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మూడేళ్ల కింద మొదటి సంవత్సరం పిల్లలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు రిపోర్టులు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఆంధ్రలో 2020-21 నుంచి ఇది డిగ్రీలో తప్పనిసరి కదా, 180 గంటలు, ఒక లాగ్ బుక్, ఒక సర్వే ఫారం. ఒక అమ్మాయి రిపోర్టులో ముప్పై ఇళ్ల లెక్క ఉంది. మరుగుదొడ్డి ఉందా, గ్యాస్ ఉందా, ఇంట్లో ఎంతమంది చదువుకున్నారు, అన్నీ శుభ్రంగా నింపింది. ఆ ఊరి సంగతి నాకు కొంచెం తెలుసు. వినాయక నిమజ్జనం ఊరేగింపు ఏ వీధిలోంచి వెళ్లాలన్న దగ్గర రాజుకుని, రెండు వీధులవాళ్లు నాలుగేళ్లు మాట్లాడుకోలేదు, పెళ్లి పిలుపులు ఆగిపోయాయి, ఒకరి కొట్లో ఒకరు ఉప్పు కూడా కొనలేదు, ఆ తర్వాత ఎలాగో మళ్లీ కలిశారు. "ఇదంతా ఎందుకు రాయలేదమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల నిజంగానే ఆశ్చర్యపోయి, "ఇది రాయొచ్చా మేడమ్? ఫారంలో లేదు కదా" అంది.

రాయమన్నాను. పరీక్షలయ్యాక తనంతట తనే వెళ్లింది, నాలుగు సార్లు. మొదటిసారి రచ్చబండ దగ్గర పెద్దమనుషులను అడిగితే, మేమే కూర్చోబెట్టి సర్దామని చెప్పారు. రెండోసారి ఇళ్లలో ఆడవాళ్లను అడిగితే కథ వేరేగా ఉంది. ఉపాధి హామీ పనిలో రెండు వీధుల ఆడవాళ్లనూ ఒకే గ్రూపులో వేశారట, ఒకే గుంత తవ్వాలి, కొలత తగ్గితే అందరికీ కూలి తగ్గుతుంది, ఆ ఎండలో ఎవరి నీళ్ల సీసా ఎవరు తాగారో ఎవరూ చూసుకోలేదు, అక్కడ మాటలు కలిశాక ఏడాదికి గానీ మగవాళ్లు పంచాయితీకి కూర్చోలేదు. నేను ఇరవై ఏళ్లుగా చదువు చెప్తున్నాను, పుస్తకాల్లో ఇంతకన్నా స్పష్టంగా వివాద పరిష్కారం గురించి చదివిన గుర్తు లేదు.

అక్కడితో ఆగిపోయింది. ఐదోసారి వెళ్లడానికి కుదరలేదు, ఎందుకంటే మిరప కోతలు వచ్చాయి, వాళ్లమ్మతో పాటు తనూ కోతకి వెళ్లాలి, పరిశోధన అని తిరిగితే ఆ రోజు కూలి పోతుంది. రికార్డింగులన్నీ ఒక పాత ఫోన్లో ఉన్నాయి. ఆ ఫోన్ పాడైంది. ఆ ఆడవాళ్ల గ్రూపులో అందరికన్నా పెద్దావిడ, ఎక్కువ చెప్పినావిడ, ఆ వానాకాలంలో చనిపోయింది. మా కాలేజీలో ఒక రికార్డర్ కొనడానికి ఏ పద్దు కింద రాయాలో ఎవరికీ తెలియలేదు, నేనూ గట్టిగా పట్టుపట్టలేదు, అది నా తప్పు.

అప్పటినుంచి నన్ను పట్టుకున్న ఆలోచన ఇది. ఊళ్లో తలకాయలు పగిలితే కాగితం పుడుతుంది. ఎఫ్ఐఆర్ ఉంటుంది, గాయాల మీద డాక్టరిచ్చే వూండ్ సర్టిఫికెట్ ఉంటుంది, పేపర్లో జిల్లా పేజీలో వార్త ఉంటుంది. అదే గొడవ ఆగిపోతే ఎక్కడా ఒక్క ముక్క రాత ఉండదు. "గ్రామంలో ప్రస్తుతం ప్రశాంత వాతావరణం నెలకొంది, పోలీసు పికెటింగ్ కొనసాగుతోంది" అనే వాక్యంతో వార్త అయిపోతుంది, పికెట్ ఎత్తేశాక ఏం జరిగిందో ఏ విలేకరీ రాయడు. అంటే మనకు గొడవపడటం గురించి గదుల నిండా రికార్డులున్నాయి, గొడవ మానడం గురించి ఏమీ లేదు. రేపు ఇంకో ఊళ్లో ఇంకో ఎస్సై, ఇంకో తహసీల్దారు, ఇంకో సర్పంచి మళ్లీ మొదటి నుంచి తడుముకోవాల్సిందే.

ఇది రాయగలిగినవాళ్లు ఎవరంటే నాకు ఈ పిల్లలే కనిపిస్తున్నారు. వాళ్లు సాయంత్రం బస్సెక్కి ఆ ఊళ్లకే వెళ్తారు. ఎవరి చేను ఎవరిది, ఎవరికి ఎవరితో మాటల్లేవు, ఏ పండక్కి ఊళ్లో టెన్షన్ మొదలవుతుంది, ఇవన్నీ వాళ్లకు పుట్టుకతో తెలుసు. యూనివర్సిటీ నుంచి కారులో వచ్చినాయనకి ఆర్నెల్లు పట్టే సంగతి వీళ్లు మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పేస్తారు. వాళ్లకు లేనిది పద్ధతి, అది మేం నేర్పగలం. డబ్బు మాత్రం మేం ఇవ్వలేం.

ఇప్పుడు 20,000 సంగతి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ కింద బేసిక్ సైన్సుల్లో డిగ్రీ చేసే విద్యార్థికి ఏటా 80,000 రూపాయలు ఇస్తుంది, అందులో 20,000 వేసవిలో ఒక పరిశోధన ప్రాజెక్టు చేయడానికని విడిగా పెట్టింది. చాలా మంచి పని, నా దగ్గర చదివిన ఒకరి తమ్ముడు ఆ డబ్బుతోనే నిలదొక్కుకున్నాడు. మరి పక్క క్లాసులో చరిత్ర, రాజనీతి శాస్త్రం, సోషియాలజీ చదివే పిల్లకి? ఏమీ లేదు. సోషల్ సైన్స్ పరిశోధనకి డబ్బిచ్చే సంస్థలు చూసేది పీహెచ్‌డీ వాళ్లను, ఫ్యాకల్టీని. కొత్త విద్యా విధానం వచ్చాక నాలుగో ఏడాది "ఆనర్స్ విత్ రీసెర్చ్" అన్నారు, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం వచ్చినవాళ్లు చేయొచ్చన్నారు, కానీ ఆ రీసెర్చ్ ఏ డబ్బుతో చేయాలో ఎక్కడా లేదు. నేను అడుగుతున్నది ఆ 20,000 లాంటి 20,000 మాత్రమే. తిరుగుడు ఖర్చు, ఒక రికార్డర్, కోర్టు కాపీలు, జెరాక్సులు, రికార్డింగులు విని టైపు చేయించడం, అన్నిటికన్నా ముఖ్యంగా పని మానుకున్న రోజుల కూలి. ఆ చివరిది తీసేయొద్దని ప్రత్యేకంగా అడుగుతున్నాను, అది లేకపోతే ఈ పరిశోధన ఇంట్లో జరుగుబాటు ఉన్న పిల్లలే చేస్తారు. బస్సు ఛార్జీ బాధ ఆడపిల్లలకు తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి కొంత తీరింది, అది ఈ పనికి పెద్ద వరం, కానీ మెయిన్ రోడ్డు నుంచి ఊళ్లోకి ఆటో ఉంది, రెండు పూటలా తిండి ఉంది.

అసలు డిగ్రీ పిల్లలకు శాంతి మీద పరిశోధన ఏంటి, అది పెద్ద పెద్ద దౌత్యవేత్తల పని కదా అని ఎవరైనా అనొచ్చు. శాంతి అధ్యయనాలు అనే సబ్జెక్టే డిగ్రీ స్థాయిలో మొదలైంది. 1948లో అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని మాంచెస్టర్ కాలేజీలో, రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మూడేళ్లకి. 2007లో కాథరిన్ డేవిస్ అనే ఆవిడ తన నూరో పుట్టినరోజుకి పది లక్షల డాలర్లు తీసి, డిగ్రీ విద్యార్థులు స్వయంగా ఆలోచించుకున్న శాంతి ప్రాజెక్టులకు నూరింటికి, ఒక్కోదానికి 10,000 డాలర్ల చొప్పున ఇచ్చారు. మనకి డాలర్లు అక్కర్లేదు. నూరు ప్రాజెక్టులకు తలా 20,000 అంటే రెండు రాష్ట్రాలకూ కలిపి 20 లక్షల రూపాయలు.

మన నేల మీద ఏం చదవాలో కూడా చెప్తాను. 1985 జూలైలో కారంచేడు. మాదిగపల్లె వాళ్లు తాగే నీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్ కడుగుతుంటే ఒకావిడ ఇదేం పనని అడిగింది, మర్నాడు మాదిగపల్లె మీద దాడి, ఆరుగురు చనిపోయారు. 1991 ఆగస్టులో చుండూరు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ ఊరంతటికీ పాకింది, దళితులకు సాంఘిక బహిష్కరణ పెట్టారు, ఎనిమిది మందిని చంపారు. అక్కడే ఊళ్లో ప్రత్యేక కోర్టు పెట్టారు, 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఈ రెండు ఊళ్లూ ఇప్పుడు బాపట్ల జిల్లాలోనే ఉన్నాయి, అక్కడి నుంచి మా దగ్గరికి పిల్లలు వస్తారు, వాళ్లలో చాలామందికి ఈ తేదీలు తెలియవు. ఇంకో సంగతి. పిల్లలకు వీటి గురించి చెప్తే "అయ్యో, అంత చిన్న గొడవకి ఇంత జరిగిందా" అంటారు. చిన్న గొడవ అనుకోవడం దగ్గరే తప్పు ఉంది, గొడవ నీళ్ల దగ్గర కాదు, అడిగే హక్కు ఎవరికి ఉందన్న దగ్గర. ఆ తేడా క్లాసులో నేను ఎంత చెప్పినా ఎక్కదు. ఒకసారి వాళ్లే వెళ్లి, రెండు వైపులా కూర్చుని, విని వస్తే ఎక్కుతుంది.

అందుకే ఈ పథకం "రాజీల పండగ" కాకూడదు. రాజీకి, శాంతికి తేడా ఉంది. 1959లో ఓస్లోలో శాంతి పరిశోధన సంస్థ మొదలుపెట్టిన యోహాన్ గాల్టుంగ్ కొట్లాట లేకపోవడాన్ని, అన్యాయం లేకపోవడాన్ని విడదీసి చూడమన్నారు. మన ఊళ్లలో పంచాయితీ పెట్టి "అయిపోయిందిలే, ఊరు పరువు పోతుంది" అని బలహీనుడి నోరు మూయించడం కూడా రాజీ కిందే లెక్క. ఉత్తర తెలంగాణలో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో కుటుంబాలకు కుటుంబాలను బహిష్కరించిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం, ఆ ఊళ్లకు వెళ్లి అడిగితే ఇక్కడ గొడవలే లేవు అంటారు. కాబట్టి పిల్లలకు మొదట నేర్పాల్సింది ఊళ్లోకి వెళ్లాక ముందు ఎవరి గడప తొక్కాలన్నది. రచ్చబండ దగ్గర కుర్చీ వేసి టీ ఇచ్చినవాళ్ల మాటే రిపోర్టులో నిండిపోతుంది. దళితవాడకి ముందు వెళ్లాలి, మగవాళ్లు పనికి పోయాక ఆడవాళ్లతో మాట్లాడాలి, వెళ్లిన విద్యార్థి కులం ఏంటని ఊరు ఎలాగూ ఆరా తీస్తుంది, దాన్నిబట్టి వాళ్ల జవాబులు మారతాయి, ఆ మారడాన్ని కూడా రాసుకోవాలి. ఇద్దరిని కలిపి పంపితే, వేరు వేరు వీధుల నుంచి వచ్చిన ఇద్దరిని, ఇది కొంచెం తేలికవుతుంది. నాకు తెలిసి ఈ ఒక్క జాగ్రత్త మీదే ఈ పథకం మంచీ చెడూ ఆధారపడి ఉంటుంది.

పరిశోధన వల్ల ఊళ్లు చల్లబడతాయా అని అడిగితే ఆదిలాబాద్ వైపు చూపిస్తాను. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీమ్ చనిపోయాక నిజాం ప్రభుత్వానికి ఇది పోలీసులతో తేలే పని కాదని అర్థమై, గోండుల దగ్గరికి హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, గోండి నేర్చుకుని, వాళ్ల భూముల సంగతి రాసి ఇస్తే, దాని మీద పట్టాలొచ్చాయి, గోండి తెలిసిన టీచర్లకు ట్రైనింగ్ మొదలైంది. పట్టాలిచ్చిన నేలే మళ్లీ చేతులు మారింది, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి, అది కూడా అదే భూమి కథలో తర్వాతి భాగం. ఈ రెండింటి మధ్య నలభై ఏళ్లలో ఏటేటా ఎవరైనా అక్కడ కూర్చుని రాసి ఉంటే అంతదాకా వచ్చేది కాదేమో అని నాకు అనిపిస్తుంది. ఇవాళ ఉట్నూరులో డిగ్రీ చదివే గోండు పిల్లలున్నారు. ఎవరినీ దూరం నుంచి పిలిపించక్కర్లేదు.

2004 అక్టోబర్‌లో హైదరాబాద్ మంజీరా గెస్ట్ హౌస్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ చర్చలు జరిగాయి. మన రెండు రాష్ట్రాల చరిత్రలో అంత పెద్ద శాంతి ప్రయత్నం నాకు ఇంకోటి కనిపించదు, కొన్ని నెలలకే అది చెడింది. ఆ చర్చలకు ఏళ్ల తరబడి దారి వేసిన పౌర స్పందన వేదికకు ఎస్.ఆర్. శంకరన్ గారు పెద్ద దిక్కు, 1987లో గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఎత్తుకెళ్లిన ఐఏఎస్ అధికారుల్లో ఆయనా ఒకరు, ఆ అనుభవం తర్వాత కూడా మధ్యలో నిలబడి రెండు వైపులా మాట్లాడారు. ఆయన 2010లో పోయారు. 2025లో మళ్లీ శాంతి చర్చల మాట వచ్చినప్పుడు నా క్లాసులో 2004 గురించి అడిగితే ఇద్దరు చేతులెత్తారు. ఈ పిల్లలందరూ ఆ చర్చలు చెడిన తర్వాత పుట్టినవాళ్లే. ఆ గదిలో కూర్చున్నవాళ్లు, బయట ఎదురుచూసినవాళ్లు, చర్చల రోజుల్లో అడవి పక్క ఊళ్లలో కొన్నాళ్లు నిశ్చింతగా పడుకున్నవాళ్లు ఇంకా కొంతమంది ఉన్నారు. వాళ్లను అడగాల్సింది ఇప్పుడే.

రెండు మండళ్లకూ కలిపి రాయడానికి ఒక కారణం ఉంది. 2023 నవంబర్ చివర్లో నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు, 26 గేట్లలో 13 గేట్ల దగ్గర కంచె పడింది. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీలు, విడిపోయాక 512, 299 అన్న తాత్కాలిక పంపకం, ఇవి టీవీలో రోజూ వింటాం. సాగర్ ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం దాటి వచ్చి పాత ఉమ్మడి కృష్ణా జిల్లా వైపు పొలాలకు వస్తుంది, ఆ చివరి భూముల రైతుకి, పైన ఉన్న రైతుకి మధ్య ఏళ్లుగా మాటలెలా నడుస్తున్నాయి, కాలువ నీళ్లు వదిలే లస్కర్ ఎవరి మాట వింటాడు, రాత్రిపూట తూము దగ్గర ఎవరు కాపలా పడుకుంటారు, ఇది ఎవరూ అడగరు. తిరువూరు నుంచి ఒక విద్యార్థి, మిర్యాలగూడ నుంచి ఒక విద్యార్థి జతగా ఒకే కాలువ వెంట నడిచి రాస్తే చూడాలని నాకు చాలా కోరిక. అలాంటి జంట ప్రాజెక్టులు పదైనా పెట్టండి. దానికి రెండు మండళ్లూ కలిసి సంతకం పెట్టాలి, ఆ సంతకమే పిల్లలకు మొదటి పాఠం అవుతుంది.

తెలంగాణ మండలికి ఒక మాట. మీ దగ్గర ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో జిజ్ఞాస పేరుతో విద్యార్థి ప్రాజెక్టుల పోటీ ఇప్పటికే నడుస్తోంది. దారి వేసి ఉంది, అందులో ఈ విషయానికి ఒక విభాగం, బహుమతిగా కాకుండా పని మొదలుపెట్టే ముందే ఇచ్చే డబ్బు, ఈ రెండూ చేరిస్తే చాలు. బహుమతి గెలిచినవాళ్లకు వస్తుంది, ఖర్చు అందరికీ అవుతుంది. ఆంధ్ర మండలి అయితే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఫారంలో ఒక్క ప్రశ్న చేర్చినా సంతోషమే: "మీ ఊళ్లో ఈ మధ్యకాలంలో సమసిపోయిన ఒక తగాదా గురించి తెలుసుకుని రాయండి." ఆ అమ్మాయి మళ్లీ "ఇది రాయొచ్చా" అని అడగక్కర్లేకుండా.

భద్రత గురించి నాకూ భయం ఉంది, అది లేకుండా ఈ ఉత్తరం రాయడం లేదు. కోర్టులో నడుస్తున్న కేసు జోలికి పిల్లల్ని పంపొద్దు. గొడవ ఆగి కనీసం మూడేళ్లయిన ఊళ్లే తీసుకోవాలి. రిపోర్టులో మనుషుల పేర్లు, ఊరి పేరు మార్చాలి. పిల్లల నోట్సు, రికార్డింగులు కాలేజీ దగ్గర తాళంలో ఉండాలి, పోలీసులో, నాయకులో అడిగితే ఇవ్వబోమని చెప్పే బాధ్యత ప్రిన్సిపాల్‌ది, మండలిది, పందొమ్మిదేళ్ల పిల్లది కాకూడదు. చెప్పినావిడ రేపు వచ్చి నా మాటలు తీసెయ్యండి అంటే తీసేయాలి. వీటికి మండలి స్థాయిలో ఒక చిన్న కమిటీ కావాలి, అందులో కనీసం ఒక లాయరు, ఊళ్లలో పనిచేసిన ఒక మహిళ ఉండాలి. ఇది చేయలేమనుకుంటే డబ్బు కూడా ఇవ్వొద్దు, పిల్లల్ని నిప్పు మీదకి పంపినట్టవుతుంది.

ఇంకొక అవసరం కూడా ముందుంది. 2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టంలో, ఒక ప్రాంతంలో జనం మధ్య శాంతి సామరస్యాలు చెడగొట్టే తగాదాలను, రెండు వైపులా ఒప్పుకుంటే, ముగ్గురు మధ్యవర్తులు కూర్చుని సామాజిక మధ్యవర్తిత్వం ద్వారా తీర్చవచ్చని రాశారు. కంపెనీల తగాదాలకు హైదరాబాద్‌లో 2021లోనే అంతర్జాతీయ కేంద్రం వచ్చింది. ఊళ్ల తగాదాలకు మధ్యవర్తులుగా కూర్చునేవాళ్లు ఎవరు, వాళ్లకు ఎవరు నేర్పుతారు, ఏ అనుభవం చూపించి నేర్పుతారు? ఉపాధి పని గుంత దగ్గర కలిసిన ఆ రెండు వీధుల ఆడవాళ్ల కథ లాంటివి నూరు మన చేతిలో ఉంటే ఆ ట్రైనింగ్‌కి అంతకన్నా మంచి పుస్తకం ఉండదు, అదీ తెలుగులో.

ఆ అమ్మాయి డిగ్రీ అయిపోయింది, బీఈడీకి ప్రిపేర్ అవుతోంది. ఈ ఉత్తరం రాస్తున్నానని చెప్తే, మళ్లీ వెళ్తాను మేడమ్, ఈసారి మన జూనియర్‌ని ఒకరిని తోడు తీసుకెళ్తాను అంది. ఆ గ్రూపులో పనిచేసిన పెద్దవాళ్లు ఇంకా ముగ్గురు ఉన్నారట, అందులో ఒకావిడకి చెవులు బాగా తగ్గాయి, దగ్గర కూర్చుని గట్టిగా మాట్లాడాలట. మిరప కోతలు ఏప్రిల్‌కి అయిపోతాయి. మీ సర్క్యులర్ ఆలోపు వస్తే మే నెలలో మొదలుపెట్టుకుంటాం.

ఇట్లు,
గుంటూరు వైపు నుంచి ఒక డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు